నాలుగేళ్లలో మూడు జతల రాళ్ల దుద్దులు: రాయి, లోహం, సీల

కెంపు దుద్దులో పచ్చల దుద్దులో కొందామని అనుకుంటున్నవాళ్లకి ఉపయోగపడుతుందని ఇంత వివరంగా రాస్తున్నాను. 2021 దసరాకి నేను కొన్న జత ఒకటి, మా అమ్మాయి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న జత ఒకటి, 2025లో దగ్గరుండి చేయించుకున్న జత ఒకటి. మొదటి రెండూ నిరాశపరిచాయి, మూడోది ఇప్పుడు నా చెవులకే ఉంది. మూడూ వాడాక ఒకటి గట్టిగా చెప్పగలను, దుద్దుని ముందు నుంచి ఎంతసేపు చూశారో వెనక నుంచి కూడా అంతసేపు చూడండి. రాయిని పట్టుకున్నదేంటి, రాయి వెనక ఏముంది, చెవి తమ్మెలోకి వెళ్లే కాడ ఏ లోహం, సీల ఎలా బిగుస్తోంది, ఇవన్నీ అక్కడే కనిపిస్తాయి. షాపులో ఆ వైపు మనకి ఎవరూ తిప్పి చూపించరు, మనమే అడగాలి.

మొదటి జత సంగతి. 22 క్యారెట్ బంగారంలో ఏడు రాళ్ల దుద్దులు, మధ్యలో ఒక కెంపు చుట్టూ ఆరు కెంపులు. మా అమ్మమ్మకి అలాంటివే రవ్వలవి ఉండేవి, చిన్నప్పటి నుంచీ నాకు ఆ ఆకారం అంటే ప్రాణం, కాబట్టి షోరూమ్‌లో ట్రే బయటికి తీయగానే ఇంకేం చూడకుండా అవే కావాలన్నాను. ఊళ్లో పేరున్న షోరూమే, పేరు రాయను. రాళ్లన్నీ వెనక పూర్తిగా మూసేసిన కట్టుడు. అంటే ఒక్కో రాయికి చిన్న బంగారు గిన్నెలాంటిది చేసి, అడుగున లక్క పెట్టి, దాని మీద మెరిసే పల్చటి రేకు వేసి, రాయి కూర్చోబెట్టి చుట్టూ బంగారు అంచు నొక్కేస్తారు. రేకు వల్ల రాయి నిప్పుకణికలా మెరుస్తుంది. ఆ మెరుపు రాయిదేనని నేను అనుకున్నాను.

రోజూ పెట్టుకున్నాను, తలస్నానానికి కూడా తీయలేదు. రెండో ఏడాదికి కుడి దుద్దులో కింది రాయి ఒకటి నల్లబడింది, ఎండిన దానిమ్మ గింజలాగా. కుంకుడు రసంలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో రుద్దాను, పైన తళతళలాడింది కానీ ఆ నలుపు పోలేదు. ఎందుకు పోతుంది, నీళ్లు రాయి కిందకి దిగి రేకు పాడైపోయింది, నేను రుద్దుతున్నది పైపైన. ఆ తర్వాత ఇంకో రెండు నల్లబడ్డాయి. 2024 వేసవిలో ఒకరోజు దువ్వుకుంటుంటే దువ్వెన పన్ను దుద్దుకి తగులుకుంది, టిక్‌మని చప్పుడు, చూస్తే పక్క రాయి లేదు. గదంతా ఊడ్చి, చీపురుపుల్లలు విప్పి మరీ వెతికాను, దొరకలేదు. షాపుకి తీసుకెళ్తే "సబ్బు, షాంపూ తగిలితే అంతే మేడమ్" అన్నారు. కొనేటప్పుడు ఆ ముక్క చెప్పి ఉంటే నేను రోజువారీకి ఆ మోడల్ తీసుకునేదాన్నే కాదు.

ఇక్కడ తప్పు మోడల్‌ది కాదు. మూసిన కట్టుడు మన పాత నగల పద్ధతి, పెళ్లిళ్లకీ పండగలకీ పెట్టుకుని, తీసి తుడిచి దాచుకునేవాళ్లకి తరతరాలు నిలుస్తుంది. చెమట, నూనె, షాంపూ రోజూ తగిలే చెవులకి మాత్రం అది సరిపడదు. రోజువారీకైతే రాయి వెనక తెరిచి ఉన్న ఓపెన్ సెట్టింగ్ తీసుకోండి. వెలుతురు వెనక నుంచి కూడా రాయిలోకి వెళ్తుంది, మురికి పడితే వెనక నుంచి కడుక్కోవచ్చు, పైగా రాయి అసలు రంగు దాయడానికి అక్కడ రేకు ఉండదు.

బిల్లు సంగతి ఇంకా బాధ. దుద్దుల మొత్తం బరువు 6.120 గ్రాములు, రాళ్ల బరువు 0.480 తీసేసి 5.640 గ్రాములకి బంగారం రేటు, దాని మీద తరుగు వేశారు. అప్పుడు నేను లెక్క చూసుకోలేదు. 2025లో వాటిని విప్పించినప్పుడు, మూడో జత చేసిన మా ఆచారి గారు నా ఎదురుగానే రాళ్లన్నీ తీసి, లక్కా రేకులూ గీకి, విడిగా తూచారు. బంగారం 5.190 వచ్చింది. ఊడిపోయిన రాయి బరువు కూడా కలిపి లెక్కేసినా రాళ్లూ లక్కా కలిసి 0.930, బిల్లులో రాసినదానికి దాదాపు రెట్టింపు. అంటే 0.450 గ్రాముల లక్కకీ రాళ్లకీ నేను బంగారం ధర, దాని మీద తరుగూ కట్టాను. రాళ్లకి విడిగా ఇంకో డబ్బు కూడా తీసుకున్నారు. అందుకే చెప్తున్నాను, రాళ్ల నగ ఏది కొన్నా బిల్లులో మూడు బరువులు విడివిడిగా రాయించుకోండి: మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం. రాళ్లు క్యారెట్లలో రాస్తే 5 క్యారెట్లు ఒక గ్రాము, ఫోన్‌లో లెక్క వేసుకోవడం నిమిషం పని. మూసిన కట్టుడు అయితే లక్క బరువు ఎంత తీశారో కూడా అడగండి.

క్యారెట్ అనే మాట దగ్గర మా ఇంట్లోనే గందరగోళం వచ్చింది కాబట్టి ఇది కూడా. రాయికి క్యారెట్ అంటే బరువు, బంగారానికి క్యారెట్ అంటే స్వచ్ఛత. 22 క్యారెట్ అంటే 91.6 శాతం బంగారం, 18 అంటే 75 శాతం, 14 అంటే 58.5 శాతం. నగ మీద ముద్ర కూడా 916, 750, 585 అనే ఉంటుంది. మిగతా భాగం ఎక్కువగా రాగి, వెండి.

మనకి 22 తక్కువైతే అది బంగారమే కాదన్న అభిప్రాయం ఉంది, మా అమ్మకైతే మరీ. కానీ 22 క్యారెట్ మెత్తన. గాజులకీ గొలుసులకీ పరవాలేదు, రాయి చుట్టూ బంగారు గట్టు పూర్తిగా కట్టే దుద్దులకీ పరవాలేదు. సన్నటి ప్రాంగ్స్ మాత్రమే రాయిని గోళ్లలా పట్టుకునే మోడల్‌కి 22 పెడితే, దువ్వెనకీ తువ్వాలుకీ తగులుకుని అవి మెల్లగా పైకి లేస్తాయి. వజ్రాల దుద్దులు ఎక్కువగా 18 క్యారెట్‌లో రావడానికి కారణం ఇదే, షాపువాళ్లు మోసం చేస్తున్నారని కాదు. అమ్మేటప్పుడు 750 లెక్కనే డబ్బు వస్తుంది, కొనేటప్పుడు కూడా 18 క్యారెట్ రేటే కట్టండి. 18 నగకి 22 రేటు వేస్తే మాత్రం ఒప్పుకోకండి.

రెండో జత మా అమ్మాయిది. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో ఉన్నప్పుడు ఊదా రంగు అమెథిస్ట్ దుద్దులు, పన్నెండు వందల రూపాయలవి, గోల్డ్ ప్లేటెడ్ అని తెప్పించుకుంది. చూడటానికి నిజంగా అందంగా ఉన్నాయి, ఆ రాయి రంగు తన ఒంటి ఛాయకి ఎంతో నప్పింది. నాలుగో రోజుకి తమ్మెలు ఎర్రబడి దురద, వారానికి రసి కారడం మొదలైంది. హాస్టల్లో ఉంది, నాకు చెప్పలేదు, పసుపు రాసి మళ్లీ అవే పెట్టుకుంది. సెలవలకి ఇంటికొచ్చాక జడ వేస్తూ చూశాను, తమ్మె వెనక చర్మం పొలుసులు కట్టి సీల చుట్టూ అంటుకుపోయి ఉంది. ఆ సీల తీస్తున్నప్పుడు పిల్ల నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే.

స్కిన్ డాక్టర్ గారు ప్యాచ్ టెస్ట్ చేయించి నికెల్ అలర్జీ అని తేల్చారు. ఇత్తడి మీద నికెల్ పూత, దాని మీద పల్చగా బంగారం పూత. కాడ చెవిలో రాపిడికి పైపూత అరిగిపోగానే నికెల్ చర్మానికి తగులుతుంది. ఒకసారి ఈ అలర్జీ వచ్చిందంటే పోదట, జీవితాంతం జాగ్రత్తే. కాడకి నెయిల్ పాలిష్ రాస్తే సరిపోతుందని స్నేహితురాళ్లు చెప్పారట, అదీ నాలుగు రోజుల్లో ఊడిపోతుంది. సర్జికల్ స్టీల్ మంచిదని చాలామంది అంటారు, చాలామందికి పడుతుంది కూడా, కానీ 316ఎల్ అనే రకం స్టీల్‌లో 10 శాతం పైనే నికెల్ ఉంటుంది, కాబట్టి అలర్జీ ఉందని తేలిన పిల్లకి నేను అది పెట్టను. టైటానియం, ప్లాటినం, లేదా రాగీ వెండీ మాత్రమే కలిపిన 22 క్యారెట్ బంగారం, వీటితో మా అమ్మాయికి ఇబ్బంది లేదు.

వైట్ గోల్డ్ కొనేవాళ్లు ఒక మాట తప్పకుండా అడగండి, తెల్లగా మార్చడానికి నికెల్ కలిపారా పల్లాడియం కలిపారా అని. రెండు రకాలూ దొరుకుతాయి. పైన మెరిసేది రోడియం పూత, అది కొన్నేళ్లకి అరిగి కింద లేత పసుపు తేలుతుంది, మళ్లీ పూత వేయించుకోవాలి. ప్లాటినానికి ఆ బాధ లేదు, 950 ముద్ర చూసుకోండి, ధరా మజూరీ రెండూ ఎక్కువే. 925 వెండి చవక, రాళ్లు అందంగా ఒదుగుతాయి, కాకపోతే నల్లబడుతుంది, సన్నటి కాడ అయితే ఇట్టే వంగుతుంది.

ఆ అమెథిస్ట్ రాళ్లు పారేయలేదు. రాళ్లు నిజమైనవేనని ఆచారి గారు భూతద్దంలో చూసి చెప్పారు. వాటికే 22 క్యారెట్‌లో గట్టు కట్టి, కాడా సీలా కూడా అదే బంగారంతో చేయించాం. సీల సంగతి ప్రత్యేకంగా చెప్తున్నాను, కొన్నిచోట్ల దుద్దు బంగారమైనా వెనక సీల వేరే లోహం వేస్తారు. అలర్జీ ఉన్నవాళ్లకి ఆ చిన్న సీల చాలు, మళ్లీ మొదటికి వస్తుంది.

ఇక మూడో జత, నేను పూర్తి మార్కులు ఇచ్చేది దీనికే. తులం లక్ష దాటిన ఏడాది కదా, కొత్తగా కొనే ధైర్యం లేక, పాత ఏడు రాళ్లవి కరిగించి ఆ విలువ మీద చేయించుకున్నాను. ఇది పెద్ద షోరూమ్ కాదు. ముందు గదిలో త్రాసు, వెనక గదిలో ఇద్దరు పనివాళ్లు, హాల్‌మార్కింగ్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకి తగిలించిన చిన్న షాపు. ఆచారి గారు మొదట అడిగిన ప్రశ్న "రోజూ పెట్టుకుంటారా అమ్మా, ఫంక్షన్లకా?" అని. నాలుగేళ్ల కింద షోరూమ్‌లో ఎవరూ నన్ను ఇది అడగలేదు.

రాయి ఎంచుకోవడానికే రెండు సార్లు వెళ్లాను. నాకు ఎరుపే కావాలి. ఆయన కాగితం పొట్లాలు విప్పి మూడు రకాలు పెట్టారు. ఒకటి గార్నెట్, ముదురు ఎరుపు, కెంపు ధరలో చిన్న భాగం. మన కొత్తగూడెం వైపు గరీబ్‌పేట కొండ గార్నెట్లకి పాతకాలం నుంచీ పేరున్న చోటు అని తెలిసి నాకు దాని మీద మనసు కూడా పోయింది, కానీ లోపల కాస్త గోధుమ ఛాయ తేలుతోంది. రెండోది చాలా పెద్ద కెంపు, చాలా తక్కువ ధర. దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూపించారు, లోపల ఒకచోట నీలంగా చిన్న మెరుపు పుట్టి ఆరిపోయింది. పగుళ్లలో సీసం కలిసిన గాజు నింపిన రాయి అట. "చూడ్డానికి బాగుంటుందమ్మా, కానీ నిమ్మరసం తగిలినా ఆ గాజు పాడవుద్ది, రేపు రిపేరుకి ఎవరైనా మంట చూపిస్తే అంతే" అన్నారు. అమ్ముకునే మనిషి తన దగ్గరున్న సరుకు గురించి అలా చెప్పడంతో నాకు నమ్మకం కుదిరింది. మూడోది వేడి చేసి రంగు తేల్చిన కెంపు, చిన్నదే. కెంపుల్ని వేడి చేయడం వ్యాపారంలో మామూలే, ఆ రంగు నిలిచే ఉంటుంది, చెప్పి అమ్మితే అందులో తప్పేం లేదు.

సింథటిక్ కెంపు ఇంకో సంగతి. అది గాజు కాదు, ఫ్యాక్టరీలో పెంచిన కెంపే, 1902లోనే ఫ్రాన్స్‌లో వెర్నూయ్ అనే ఆయన దాన్ని చేసే పద్ధతి ప్రకటించారు. అందుకే బామ్మల నాటి నగల్లో కూడా సింథటిక్ కెంపులు ఉంటే ఆశ్చర్యపోకండి. గట్టిదనం ఒకటే, రంగు ఇంకా శుభ్రంగా ఉంటుంది, ధర మాత్రం చాలా తక్కువ. తెలిసి కొనుక్కుంటే మంచి ఎంపికే. నా మొదటి జత బిల్లులో "స్టోన్స్" అని మాత్రమే ఉంది, ఆ రాళ్లన్నీ సింథటిక్ అని విప్పాక తెలిసింది. మీరు కొనేటప్పుడు నేచురల్ అయితే నేచురల్ అని, వేడి చేసినదైతే ఆ మాట కూడా బిల్లులో రాయించండి. కాస్త పెద్ద రాయి అయితే ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి.

ఆ మూడో రకమే ఖాయం చేసుకుని, జతకని తీసిన రెండు రాళ్లనీ బయటికి తీసుకెళ్లి చూస్తానని అడిగాను, ఆయన వెంటనే పనబ్బాయిని తోడిచ్చి పంపారు. షాపు లోపలి పసుపు దీపాలకి ఏ ఎరుపైనా భగ్గుమంటుంది. మెట్ల మీద నిలబడి పొద్దుటి వెలుతురులో అరచేతిలో పెట్టి చూస్తే రెండూ ఒకటి కాదని తెలిసింది, ఒకటి కెంపు ఎరుపు, ఇంకోటి కాస్త గులాబీ వైపు. దుద్దులకి ఇదే పెద్ద పని, ఒక మంచి రాయి దొరకడం కాదు, ఒకేలాంటివి రెండు దొరకాలి. సరిగ్గా జోడు కుదిరే రాళ్ల కోసం వారం ఆగాను.

పచ్చలు కూడా అడిగాను, మా అమ్మకి ఇష్టమని. పచ్చ అందం పచ్చదే, కానీ చాలా పచ్చల్లో సన్నటి చీలికలు కనిపించకుండా నూనె పట్టిస్తారు. వేడి నీళ్లు, ఘాటైన సబ్బు, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషిన్ దానికి పడవు. చెవికి ఉంగరంలా దెబ్బలు తగలవు కాబట్టి దుద్దుల్లో పచ్చ పెట్టుకోవచ్చు, తలస్నానానికి తీసేసే ఓపిక ఉంటే. ముత్యం, పగడం ఇంకా సున్నితం, సెంటు కొట్టుకున్నాక చివర్లో పెట్టుకుని ఇంటికి రాగానే ముందు తీసేయాలి, చెమటకి కూడా ముత్యం మెరుపు తగ్గుతుంది. ముత్యం దుద్దులో ముత్యాన్ని సాధారణంగా చిన్న కాడకి జిగురుతో అతికిస్తారు, నీళ్లలో నానబెట్టకండి. కెంపు, నీలం గట్టిదనంలో వజ్రం తర్వాతి వరస, తీయకుండా పెట్టుకునే నాలాంటివాళ్లకి అవే.

చివరికి 18 క్యారెట్, కోలగా ఉన్న ఒక్కో కెంపు, చుట్టూ సన్న గట్టు, వెనక తెరిచి. ఒక్కో దుద్దులో నికర బంగారం 2.3 గ్రాములు. సీల దగ్గర మళ్లీ ఎంపిక: లావు కాడ ఉండే సౌత్ స్క్రూ, సన్న కాడ బాంబే స్క్రూ. నా చెవి రంధ్రాలు పాతవి, పెద్దవి, కాబట్టి సౌత్ స్క్రూ. అమ్మాయికి బాంబే స్క్రూ. నొక్కి పెట్టే పుష్ బ్యాక్ వద్దన్నాను, నిద్రలో ఊడితే ఇంత బంగారం ఎక్కడ వెతుకుతాం. మరలు సరిగ్గా ఉన్నాయా అని ఆయన సీలని నాతోనే పదిసార్లు తిప్పించారు, చివర్లో బిగుతు తెలియాలి, మధ్యలో పట్టేయకూడదు.

చేతికొచ్చిన రోజు కూర్చునే, హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో, నగ మీద ఉండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు కోడ్ కొట్టి చూశాను. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద మూడు గుర్తులు ఉండాలి: బీఐఎస్ గుర్తు, స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిపి మొత్తం ఆరు ఉండే హెచ్‌యూఐడీ. షాపు పేరు, 18కె750, ముద్ర వేసిన సెంటర్ వివరాలు అన్నీ వచ్చాయి. నా 2021 జత మీద పాత పద్ధతి నాలుగు గుర్తులే ఉండేవి. ఒకటి గుర్తు పెట్టుకోండి, 2 గ్రాముల లోపు నగకి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, కుందన్, పోల్కీ, జడావు అనే రాళ్లు పొదిగే రకాల నగలకి కూడా మినహాయింపు ఉంది. చిన్న దుద్దులు చాలావరకు ఆ 2 గ్రాముల లోపే వస్తాయి. అలాంటివి ముద్ర ఉన్న చోటే కొనండి, లేకపోతే స్వచ్ఛత బిల్లు మీద రాయించండి. ముద్రలో ఉన్నదానికంటే స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడా విలువకి రెట్టింపూ పరీక్ష ఖర్చూ కొన్నవాళ్లకి ఇవ్వాలని నిబంధన ఉంది, కాబట్టి బిల్లు పారేయకండి.

నచ్చనివి కూడా చెప్పాలి. పది రోజులన్నారు, పద్దెనిమిది రోజులు పట్టింది, మధ్యలో పెళ్లి ఒకటి మిస్ అయ్యాను, కొంచెం టెన్షన్ పడ్డాను. మూడో నెలలో ఎడమ సీల వదులైంది, తీసుకెళ్తే డబ్బు తీసుకోకుండా పావుగంటలో సరిచేశారు. మజూరీ షోరూమ్ తరుగు కంటే ఏమంత తక్కువ కాదు. రంగు కూడా 22 అంత పసుపు కాదు, అమ్మ చూడగానే "ఏంటే, కాస్త వెలిసినట్టుందే" అంది. పక్కన 22 గొలుసు ఉంటే ఆ తేడా తెలుస్తుంది, విడిగా చూస్తే తెలియదు.

నెలకోసారి గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, దుద్దు బోర్లా పట్టుకుని వెనక నుంచి పాత టూత్‌బ్రష్‌తో కడుగుతున్నాను. మొన్న కడిగినప్పుడు అమ్మ పక్కనే కూర్చుని చూసింది, దుద్దు వెనక రంధ్రంలోంచి కిటికీ వెలుతురు కెంపు గుండా తన అరచేతి మీద ఎర్రగా పడింది. కాసేపు చెయ్యి అలాగే పెట్టుకుని, తర్వాత బీరువా తీసి తన పచ్చల దుద్దులు తెచ్చి, "వీటికి వెనకేముందో మీ ఆచారి గార్ని అడుగు" అంది. వచ్చే గురువారం తీసుకెళ్తున్నాం, ఈసారి విప్పే ముందూ విప్పాకా నేనే త్రాసు దగ్గర నిలబడి రాసుకుంటాను.